మోగే బొగ్గు కొనండి

పోయిన నెల బొంగులో చికెన్ గురించి రాసిన దగ్గర నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బొగ్గు గురించే ఉన్నాయి. మసాలా ఎంతసేపు పట్టించాలని ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. ఏ బొగ్గు కొనాలని అడిగినవాళ్ళు మాత్రం ఇన్నాళ్ళకు దొరికారు. ఆ సంతోషంతో ఈ నెల శీర్షిక మొత్తం బొగ్గుకే ఇచ్చేశాను.

ప్రశ్న: అమ్మా, మా డాబా మీద కొత్తగా గ్రిల్ పెట్టుకున్నాం. దుకాణంలో రంగుల సంచిలో దొరికే బొగ్గు మొదటిసారి బ్రహ్మాండంగా మండింది. అదే రకం మళ్ళీ కొంటే పొగ తప్ప సెగ లేదు. మంచి బొగ్గును చూసి గుర్తుపట్టడం ఎలా? ఇస్త్రీ బండివాళ్ళు వాడే బొగ్గు పనికొస్తుందా? – ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: తల్లీ, నేను కమ్మరి ఇంట్లో పుట్టాను. మాది కనిగిరి వైపు పల్లె. కొలిమికి బొగ్గు బస్తా వచ్చిందంటే మా నాన్నగారు పై ముక్కల వంక చూసేవారే కాదు. మూతి విప్పి, మోచేతి దాకా చేయి లోపలికి పోనిచ్చి, అడుగు నుంచి ఒక ముక్క తీసేవారు. దాన్ని దాగలి అనే ఇనుప దిమ్మె మీద జానెడు ఎత్తు నుంచి వదిలేవారు. ఖంగుమని మోగితే బస్తా లోపలికి వచ్చేది. టప్పుమని మొద్దుగా పడితే మూతి మళ్ళీ కట్టేసి బండి మీదికే ఎక్కించేవారు. నేను తిత్తి తాడు పట్టుకుని కూర్చుని ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించేదాన్ని. ఇప్పటికీ దుకాణంలో నాకు తెలిసిన మొదటి పరీక్ష అదే. మీ దగ్గర దాగలి ఉండదు కాబట్టి రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి తాకించి వినండి. గచ్చు మీద వేసినా తెలిసిపోతుంది.

ఎందుకు మోగుతుందో చెబుతాను. కట్టెను గాలి అందకుండా మట్టి కప్పి కాలిస్తే ముందు అందులోని నీరు ఆవిరైపోతుంది. వేడి 300 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరేసరికి కట్టె విచ్ఛిన్నమై తారు, ఘాటు ఆవిర్లు, వాయువులు బయటికి వస్తాయి. 400, 500 డిగ్రీల దాకా ఓపికగా కాలనిస్తే అవన్నీ చాలావరకు పోయి దాదాపు కర్బనమే మిగులుతుంది. అలా పూర్తిగా కాలిన బొగ్గు గట్టిపడి మోగుతుంది. తొందరపడి బట్టీ విప్పితే తారు లోపలే ఉండిపోతుంది. అది మోగదు. మీరు రెండోసారి తెచ్చిన సంచిలోంచి వచ్చిన పొగ ఆ తారుదే. అంటే బట్టీ దగ్గర జరగాల్సిన పని మీ డాబా మీద జరిగింది. జపాన్‌లో వకయామా ప్రాంతం బించోటాన్ అనే బొగ్గుకు పేరుపడింది. దాన్ని చివర్లో 1000 డిగ్రీల వేడికి తీసుకెళ్ళి, బయటికి లాగి, ఇసుక కలిపిన బూడిదతో కప్పి ఆర్పుతారు. ఆ ముక్కలను తాకిస్తే ఇనుప కడ్డీల్లా మోగుతాయి. మనకు అంత అవసరం లేదు గానీ సూత్రం మాత్రం అదే.

రెండో పరీక్ష, ముక్కను విరిచి చూడటం. విరిగినచోట నల్లగా నిగనిగలాడాలి, కట్టె వలయాలు కనబడాలి. లోపల గోధుమరంగు చార ఉంటే అది బొగ్గు కాలేదు, ఇంకా కొరకంచే. తర్వాత వాసన చూడండి. మంచి బొగ్గుకు వాసనే ఉండదు. పుల్లటి పొగవాసన వస్తే తారు మిగిలిందని అర్థం. కిరోసిన్ వాసన వస్తే ఆ దుకాణం మెట్లు దిగి వచ్చేయండి. ఒక ముక్కను చెంపకు ఆనించి చూడటం కూడా అలవాటు చేసుకోండి. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. బొగ్గు గాలిలోని తేమను బాగా పీల్చుకుంటుంది. కాటా లెక్కన అమ్మేది కాబట్టి నీళ్ళు చిలకరించేవాళ్ళూ ఉన్నారు.

ఇక పరిమాణం. నిమ్మకాయ మొదలు పిడికిలి దాకా ఉన్న ముక్కలు గ్రిల్‌కు సరిపోతాయి. సంచిని ఒకసారి కుదిపి అడుగు తడమండి. పొడి ఎక్కువగా ఉంటే ఆ డబ్బు వృథా. పైగా ఆ పొడి గాలి దారులను మూసేసి నిప్పును నీరసింపజేస్తుంది.

ఏ చెట్టు బొగ్గు అన్నది దీని తర్వాత సంగతి. చేవ ఉన్న ఏ కర్రయినా మంచి బొగ్గే ఇస్తుంది. మన వైపు ఎక్కువగా దొరికేది సర్కారు తుమ్మ. బాగా కాలితే దానికి వంక పెట్టలేం. నల్లతుమ్మ ఇంకా నిలకడగా కాలుతుంది. కోస్తాలో సరుగుడు బొగ్గు మంచి వేడినిస్తుంది. మా నాన్నగారి మనసు మాత్రం చింత బొగ్గు మీదే. ఇనుము ఎర్రబారాలంటే దాని తర్వాతే ఏదైనా అనేవారు. అంత సెగ చికెన్‌కు అక్కర్లేదు కాబట్టి చింత బొగ్గు దొరికితే సగమే వేసుకోండి. తేలిక కర్ర బొగ్గు చేతికి దూదిలా తగులుతుంది. కాగితంలా మండి ముక్క ఉడికేలోపే బూడిదైపోతుంది.

ఇస్త్రీ బండి సంగతి అడిగారు. నిస్సందేహంగా వాడవచ్చు. ఒక్క రవ్వ ఎగిరితే ఊరివాళ్ళ చొక్కా కాలిపోతుంది. పొగ వస్తే తెల్ల పంచె మీద మరక పడుతుంది. కాబట్టి పొగరాని, రవ్వలెగరని బొగ్గు ఎక్కడ దొరుకుతుందో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇప్పుడు చాలామంది గ్యాస్ ఇస్త్రీపెట్టెలకు మారారు. మీ వీధిలో ఇంకా బొగ్గు వాడే మనిషి ఉంటే ఏ అడితిలో కొంటున్నాడో మర్యాదగా అడగండి. మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గరా అడగండి. వాళ్ళు రోజూ బొగ్గు మీద బతికేవాళ్ళు.

ఈ పరీక్షలన్నీ తెలిసిన నేనే ఒకసారి బద్ధకించాను. ఆరేళ్ళ క్రితం బాపట్ల దగ్గర బంధువుల తోటలో 15 కిలోల చందువ చేపలు కాల్చాలని పెట్టుకున్నాం. ఊళ్ళో ఒక దుకాణం నుంచి 4 బస్తాలు తెప్పించాం. వేళ మించిపోతోందని ఒక్కటీ విప్పి చూడలేదు. నిప్పు అంటించాక పసుపురంగు పొగ లేచింది, ఎంతసేపు విసిరినా తగ్గలేదు. చేపల పొట్టల మీద జిగురులాంటి నల్లటి పూత పట్టింది. ఒక పిల్లవాడు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, ఉమ్మేయడానికి మొహమాటపడి, నీళ్ళ కోసం నా వంక చూశాడు. తెల్లవారుజామున పడవల దగ్గరికి వెళ్ళి ఏరి తెచ్చిన చేపలు అవి. చేప పాడైనందుకు కలిగినంత బాధ నాకు వంటలో మరెప్పుడూ కలగలేదు. ఆ రోజు నుంచి ఏ బస్తా అయినా విప్పి, విని, తర్వాతే డబ్బులిస్తున్నాను.

ప్రశ్న: మా ఇల్లెందు వైపు రాక్షసి బొగ్గు సులువుగా దొరుకుతుంది. వేడి కూడా ఎక్కువ. దాని మీద కబాబులు కాల్చవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: వద్దు బాబూ. తెలుగులో రెండింటినీ బొగ్గు అనే అంటాం గానీ అది భూమిలోంచి తవ్వినది, ఇది కట్టెను కాల్చి చేసినది. గని బొగ్గులో గంధకం ఉంటుంది, మండినప్పుడు రకరకాల విషవాయువులు వస్తాయి. దాని సెగ నేరుగా తగిలిన మాంసం తినకూడదు. పనిలో పనిగా, సాంబ్రాణి కోసం అమ్మే గుండ్రటి బొగ్గు బిళ్ళలు కూడా వంటకు వాడకండి. అగ్గిపుల్ల గీయగానే చిటపటలాడుతూ అంటుకోవడానికి వాటిలో సురేకారం లాంటి పదార్థాలు కలుపుతారు.

ప్రశ్న: బొగ్గు అంటుకోవడానికి కిరోసిన్ వేస్తున్నాం. ఎంత ఉల్లిపాయ, నిమ్మకాయ రుద్దినా ముక్కకు ఆ వాసన పోవడం లేదు. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కిరోసిన్ అవసరమే లేదమ్మా. పెట్రోలు జోలికి కలలో కూడా వెళ్ళకండి. నిప్పు పైకి పాకుతుంది కాబట్టి బొగ్గును పరచకుండా నిలువుగా పేర్చాలి, కింద నుంచి అంటించాలి. దీనికోసం చిమ్నీ అనే ఇనుప గొట్టం అమ్ముతారు. మా ఇంట్లో ఉన్నది వెల్డింగ్ కుర్రాడు చేసిచ్చినది. జానెడు వెడల్పు, మూరెడు ఎత్తు ఉన్న మామూలు ఇనుప రేకు గొట్టం, కింద నుంచి నాలుగు వేళ్ళ ఎత్తున ఒక జాలీ, దాని కింద చుట్టూ రంధ్రాలు, పక్కన కర్రపిడి. జింకు పూత రేకు మాత్రం వాడనివ్వకండి. వేడికి ఆ పూత ఆవిరై ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

పైన బొగ్గు నింపి, జాలీ కింద కొబ్బరి పీచు గానీ ఎండు చిదుగులు గానీ పెట్టి వెలిగించండి. తర్వాత 20 నిమిషాలు దాని జోలికి వెళ్ళకండి. మొదట పొగ వస్తుంది. కాసేపటికి జాలీ దగ్గర ముక్కల అంచులు ఎర్రబడతాయి. ఆ ఎరుపు ఒక్కో ముక్కా ఎక్కుతూ పైకి వస్తుంది, సన్నగా గలగలమని గాజుపెంకుల చప్పుడు వినబడుతుంది. పై ముక్కల మూలలకు తెల్లటి నివురు పట్టేవరకు ఆగండి. అప్పటికి పొగ ఉండదు. అప్పుడే గ్రిల్‌లో కుమ్మరించండి. చాలామంది మంట కనబడగానే ముక్క పెట్టేస్తారు. మంట మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. నివురుగప్పిన నిప్పు మీద పెడితేనే లోపలి దాకా కాలుతుంది.

సెగ ఎంత ఉందో తెలియాలంటే జాలీకి బెత్తెడు ఎత్తున అరచేయి ఉంచి లెక్కపెట్టండి. 2 అంకెలకే చేయి తీసేస్తే రొయ్యలకు, పన్నీరుకు సరిపోయే సెగ. 4, 5 దాకా ఓర్చుకోగలిగితే ఎముక ఉన్న చికెన్‌కు బాగుంటుంది. నిప్పులన్నీ ఒక పక్కకే తోసి రెండో పక్క ఖాళీ ఉంచుకోండి. కొవ్వు కారి మంట లేచినప్పుడు ముక్కలను అటు జరపవచ్చు. ఆ కొవ్వు నిప్పుల మీద పడి లేచే నల్లపొగ ఒంటికి మంచిది కాదు.

ప్రశ్న: చలికాలం అపార్ట్‌మెంట్ బాల్కనీలో గ్రిల్ చేసి, మిగిలిన నిప్పులను కుంపటిలా హాల్లోకి తెచ్చుకుంటే వెచ్చగా ఉంటుందని మా వారు అంటున్నారు. పొగ ఏమీ రావడం లేదు కదా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఈ ఒక్క జవాబు మీ వారికి చదివి వినిపించండి. పొగ రాని నిప్పే ఎక్కువ ప్రమాదం. ఎర్రగా కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది చేరిపోతుంది. తలనొప్పి, మగత వస్తాయి, నిద్ర అనుకుని పడుకుంటారు. తలుపులు మూసి కుంపటి పెట్టుకుని కుటుంబాలకు కుటుంబాలే నిద్రలోంచి లేవలేదన్న వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. ఆరిపోతున్నట్టు కనబడే నిప్పు కూడా ఇంట్లోకి తేవద్దు. అద్దాలు బిగించిన బాల్కనీ కూడా గది కిందే లెక్క. నలుగురు కలిసి డాబా మీదికి వెళ్ళండి.

ప్రశ్న: ఆంటీ, మేము టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. సంక్రాంతికి అత్తయ్య, మామయ్య వస్తున్నారు. మేక తొడను స్మోకర్ అనే పొగ పొయ్యిలో నెమ్మదిగా వండాలని ఉంది. ఇక్కడ దుకాణంలో ముక్కల బొగ్గు, దిండ్లలాంటి బ్రికెట్లు, పొగకోసం మెస్కీట్, హికరీ, ఓక్ కట్టెలు అని వరసలున్నాయి. దేనిని ఎంచుకోవాలి? – ఒక పాఠకుడు

జవాబు: బాబూ, ముందు మీ అత్తయ్యగారికి ఒక మాట చెప్పండి. మీ టెక్సస్ మెస్కీట్, మన సర్కారు తుమ్మ దగ్గరి చుట్టాలు. సర్కారు తుమ్మ మన చెట్టు కాదు. అమెరికా ఖండపు విత్తనాలను 1870లలో తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. అక్కడి నుంచి అది మన బంజర్లన్నీ ఆక్రమించింది. కాబట్టి మెస్కీట్ పొగ వాసన వాళ్ళకు కొత్తగా ఉండకపోవచ్చు.

అయితే 6 గంటలు నడిచే వంటకు మెస్కీట్ ఒక్కటే వాడకండి. దాని పొగ ఘాటు. అరగంటలో కాలే రొయ్యలకు, కోడి ముక్కలకు అది అందం. తొడ మాంసానికి గంటల తరబడి పట్టిస్తే చేదెక్కుతుంది. మేకకు ఓక్ వాడమంటాను. మాంసం రుచిని అణచకుండా పక్కన నిలబడే పొగ అది. హికరీ కావాలంటే ఓక్‌తో పాటు ఒక్క ముక్క వేయండి.

స్మోకర్‌లో వేడి ఇచ్చేది బొగ్గు, రుచి ఇచ్చేది కట్టె ముక్క. ఈ తేడా గుర్తుంటే ఎంచుకోవడం తేలిక. వేడికోసం మీకు బ్రికెట్లు నయం. నేను చేతితో ఏరే బొగ్గునే ఇష్టపడతాను గానీ, ముక్కలు ఒక్కోటి ఒక్కో పరిమాణంలో ఉండటం వల్ల సెగ ఎగిరి పడుతూ ఉంటుంది. కొత్తవాళ్ళు దాన్ని పట్టుకోలేరు. బ్రికెట్లన్నీ ఒకే కొలత, ఒకే వేగం. 1920లలో హెన్రీ ఫోర్డు కార్ల తయారీలో మిగిలిన చెక్క ముక్కలను బొగ్గు చేసి, పొడి కొట్టి, పిండితో కలిపి అచ్చువేయించాడు. అమెరికాలో ఇంటింటికీ బ్రికెట్లు చేరడానికి అది పెద్ద కారణం. సంచి మీద పదార్థాల పేర్లు చదవండి. బొగ్గు, పిండి మాత్రమే ఉన్నవి మేలు. అగ్గిపుల్లకే అంటుకుంటాయని రాసి ఉన్నవి వద్దు, వాటిలో ఇంధన ద్రవం కలుపుతారు.

బ్రికెట్లను స్మోకర్ గోడ వెంట చంద్రవంకలా రెండు వరసలుగా, వాటి మీద ఇంకో వరసగా పేర్చండి. ఒక చివర మాత్రం ఏడెనిమిది ఎర్రటి ముక్కలు ఆనించండి. నిప్పు ఒత్తిలా నెమ్మదిగా పాకుతుంది. చంద్రవంక మీద అక్కడక్కడా పిడికిలంత ఓక్ ముక్కలు మూడు నాలుగు పెడితే చాలు. వాటిని నానబెట్టాల్సిన పని లేదు. నీరు ఇంకేవరకు ఆవిరి తప్ప మంచి పొగ రాదు. లోపలి వేడిని 110, 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచండి. గొట్టం నుంచి వచ్చే పొగ సన్నగా నీలంగా, ఉందా లేదా అన్నట్టు ఉండాలి. తెల్లగా ముద్దలు ముద్దలుగా వస్తుంటే గాలి చాలడం లేదు, పై కన్నం తెరవండి. ఎముక దగ్గర మాంసం 90 డిగ్రీలు దాటాక ఉలవచారులో ముక్కలా విడిపోతుంది. పిల్లలు ఆకలి అంటున్నారని మాటిమాటికీ మూత తీయకండి. ఆ పూటకు గారెలు ముందే వేయించి ఉంచండి.

ఇండియాలో ఉన్న పాఠకులకు, పొగకోసం మామిడి, జామ కర్రలు చక్కగా పనికొస్తాయి. బాగా ఎండినవే వాడండి. వేప చేదు. గన్నేరు విషం, దాని పుల్లను ఊచగా కూడా వాడకండి. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క పొయ్యి దగ్గరికే రాకూడదు.

ప్రశ్న: కోనసీమలో కొబ్బరి చిప్పల బొగ్గుతో చేసిన బ్రికెట్లు అమ్ముతున్నారు. బాగుంటాయా? – ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: చాలా బాగుంటాయి. చిప్ప గట్టిది కాబట్టి బొగ్గూ గట్టిదే. పొగ తక్కువ, వేడి ఎక్కువ, చాలాసేపు నిలుస్తుంది. అంటుకోవడానికి మాత్రం సమయం పడుతుంది, తొందరపడకండి. విడి చిప్పల బొగ్గు పలుచటి పెంకులుగా ఉండి జాలీలోంచి జారిపోతుంది. అందుకే అచ్చువేసినవి కొనండి.

ప్రశ్న: అమ్మా, మాదీ కనిగిరి వైపే. పొలం గట్లంతా సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. ఇంటి వరకు బొగ్గు కాల్చుకోవచ్చా? – ఒక రైతు

జవాబు: మా ఊరి పేరు చూసి ప్రాణం లేచివచ్చింది. కాల్చుకోవచ్చు. ముందు అటవీ, రెవెన్యూ కార్యాలయాల్లో అనుమతి సంగతి కనుక్కోండి. గాలి లేని రోజులు చూసి, గడ్డివాములకు, ఇళ్ళకు దూరంగా చోటు శుభ్రం చేసుకోండి.

మణికట్టు లావు మించిన కొమ్మలే తీసుకుని మూరెడు ముక్కలుగా కొట్టి రెండు నెలలు ఎండనివ్వండి. లావువి నడుమ, సన్నవి చుట్టూ వచ్చేలా గుట్టగా పేర్చి, వరిగడ్డి కప్పి, దాని మీద జానెడు మందాన తడిమట్టి మెత్తండి. నెత్తిన ఒకటి, కింద చుట్టూ నాలుగు కన్నాలు ఉంచి పై నుంచి నిప్పు వేయండి. మొదట వచ్చే దట్టమైన తెల్లపొగ తడి పోవడం. తర్వాత కళ్ళు మండించే పసుపు పొగ వస్తుంది, అదే తారు. ఇక్కడ ఓపిక పట్టాలి. మట్టి బీటలిస్తే వెంటనే పూడ్చాలి, రాత్రిళ్ళు మనిషి కాపలా ఉండాలి. పొగ సన్నబడి నీలంగా, అవతలి చెట్టు కనబడేంత పలుచగా మారినప్పుడు కన్నాలన్నీ మూసేయండి. పూర్తిగా చల్లారకుండా విప్పితే గాలి తగిలి గుట్టంతా భగ్గుమంటుంది. మట్టి మీద అరచేయి ఆనిస్తే చల్లగా తగలాలి. ఆ తర్వాత ఇంకో రోజు ఆగండి. 5 కిలోల కట్టెకు కిలో బొగ్గు వస్తే బాగా కాల్చినట్టే.

విప్పిన రోజు పై ముక్కలు వదిలేసి, నడిమధ్య నుంచి ఒకటి తీసి బండ మీద వేసి వినండి. ఎలా మోగిందో నాకు ఉత్తరం రాయండి.